ముందే రాసేసిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. పరలోకంలో హాజరు పట్టీ అంటూ ఒకటి ఉంటే అందులో నా పేరు మొదటి పేజీలోనే, అదీ మిగతావాళ్ల కన్నా కాస్త పెద్ద అక్షరాలతో ఉంటుందని గట్టిగా నమ్మే వయసది. ప్రార్థనలో ఎవరెంతసేపు మోకాళ్ల మీదున్నారో ఓరకంట చూసి, వాళ్ల కన్నా రెండు నిమిషాలు ఎక్కువుండి లేచేవాణ్ని. (ఆ రెండు నిమిషాలూ ప్రార్థన చేసేవాణ్ని కాదు, గడియారం చూసేవాణ్ని.) ఎవరైనా మామూలుగా "బాగున్నావా?" అని అడిగితే "ఆయన కృపను బట్టి" అని కళ్లు సగం మూసి జవాబిచ్చేవాణ్ని. ఇప్పుడా కుర్రాడు రోడ్డు మీద ఎదురొస్తే నేను అవతలి పక్కకి దాటిపోతాను. ఆగితే నా కోసం ప్రార్థన చేస్తానంటాడని భయం.

డిప్లొమా పూర్తి చేసి ఆటోనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషను మీద పని నేర్చుకుంటున్నాను. ఉండడం మాత్రం ఉక్కునగరంలో, మా అప్పవాళ్ల క్వార్టర్లో. (మా వైపు అక్కని అప్ప అంటాం.) బావ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. కరిగిన ఉక్కు నిండిన పెద్ద పెద్ద కుండల్ని మనుషుల తలల మీదుగా ఇటు నుంచి అటు చేర్చే ఉద్యోగం. ఆ పని అలవాటో ఏమో, ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కింద పెట్టినా చప్పుడయ్యేది కాదు. ఆదివారం మందిరంలో చివరి వరసలో కూర్చునేవాడు. పాట వస్తే పెదాలు కదిపేవాడు తప్ప గొంతు వినిపించేది కాదు. సాక్ష్యం చెప్పమంటే చెప్పులు వెతుక్కునేవాడు. అందుకని నేను బావని "నులివెచ్చని విశ్వాసి" అనే గదిలో పడేసి తలుపు వేసేశాను. ఆయన ఇంట్లో, ఆయన తెచ్చిన చేపల పులుసు తింటూనే.

అలాంటి రోజుల్లో మా మందిరం పాస్టరు అయ్యగారు యువకుల కోసం నలభై రోజుల శిష్యరికం మొదలుపెట్టారు. రోజూ ఐదింటికి లేవాలి, అరగంట వాక్యం చదవాలి, అరగంట ప్రార్థించాలి, పగలు ఎవరికైనా ఒక్క మేలు చెయ్యాలి, అదంతా నోటు పుస్తకంలో రోజుకో పేజీ రాయాలి. చివర్లో ఒకరిని ఎంపిక చేసి యౌవనస్థుల కూటంలో సందేశం ఇప్పిస్తారు. అయ్యగారు ఆ మాట అనగానే నాకు మైకు, తెల్ల చొక్కా, ముందు వరసలో కన్నీళ్లు తుడుచుకుంటున్న జనం, అన్నీ కళ్ల ముందు కనబడిపోయాయి. ప్రతి గురువారం సాయంత్రం పుస్తకాలు చూసే బాధ్యత నర్సమ్మగారిది. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆసుపత్రిలో సిస్టరే, మందిరంలోనూ సిస్టరే కాబట్టి, తికమక ఎందుకని అందరూ నర్సమ్మ అనేవారు.

మొదటి వారం నిజంగానే లేచాను. రెండో వారంలో అలారం ఐదింటికి మోగేది, నేను ఏడింటికి లేచేవాణ్ని. ఆలస్యమైందన్న అపరాధ భావాన్ని గొంతుతో పూడ్చేవాణ్ని. హాల్లో నిలబడి, చేతులెత్తి, వీధి చివర పాలబూత్ దాకా వినబడేలా ప్రార్థన. ఆ తర్వాత ఫోనుకి స్పీకరు తగిలించి స్తుతి పాటలు. బావకి ఆ నెలంతా రాత్రి డ్యూటీ. పొద్దున ఆరుకి షిఫ్టు దిగి, ఇంటికొచ్చి, నాలుగు ఇడ్లీలు తిని, సరిగ్గా ఏడింటికి పక్క మీద వాలేవాడు. సరిగ్గా ఏడింటికే నేను పరలోకపు తలుపులు బాదడం మొదలుపెట్టేవాణ్ని. మధ్యలో ఉన్నది ఒక్క ప్లైవుడ్ తలుపు.

మొదట్లో తల మీద దిండు పెట్టుకున్నాడు. తర్వాత చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ఒకరోజు లుంగీ సర్దుకుంటూ హాల్లోకి వచ్చి నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఒరే, దేవుడికి సెవుడేటిరా? మెల్లగా సెప్పుకున్నా ఇంతాడు గదా."

"నిద్రపోతున్న ఆత్మల్ని లేపాలి బావా" అన్నాను.

"నా ఆత్మ సంగతి తరవాత సూద్దాం. ముందు నన్ను తొంగోనీ. మొన్న క్రేన్ మీద కళ్లు మూతలు పడిపోయాయిరా. పైన కుండ, కింద మనుసులు. కిందోడు విజిలేసి లేపాడు. ఇనబడతందా నాను సెప్పేది?"

మనిషన్నవాడికి ఆ మాటతో ఒళ్లు జలదరించాలి. నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. "దేవుడు చూసుకుంటాడు బావా. నీకు విశ్వాసం తక్కువ, అదీ అసలు సమస్య" అన్నాను. అది కూడా జాలిగా, భుజం మీద చెయ్యి వేసి. వంటగదిలోంచి అప్ప గరిటెతో బయటికొచ్చింది. బావ లోపలికెళ్లి, దిండు చంకలో పెట్టుకుని, చెప్పులేసుకుని బయటికి నడిచాడు. నాలుగు బ్లాకుల అవతల, పెళ్లాం పిల్లల్ని ఊరికి పంపి ఒంటరిగా ఉంటున్న స్నేహితుడి క్వార్టరుంది. అప్పటి నుంచి రోజూ డ్యూటీ దిగి, ఇంట్లో టిఫిను తిని, దిండు చంకన పెట్టుకుని అక్కడికెళ్లి పడుకునేవాడు. నాతో మాట మానేశాడు. సొంత ఇంటివాడు దిండు పట్టుకుని వీధిలో నడుస్తుంటే బ్లాకు జనమంతా అప్ప వైపు అదోలా చూశారు, మొగుడూ పెళ్లాలకి పడలేదేమోనని. "నీకు బుద్దుందేటిరా?" అంది అప్ప. నేను ఆమెకి సహనం కలగాలని ప్రార్థించాను.

ఇక పుస్తకం సంగతి. ఏడింటికి లేచి, అరిచి, పాటలు పెట్టి, ఆటోనగర్ పరిగెత్తేసరికి పేజీ రాయడానికి టైము మిగిలేది కాదు. మేలు చేయడానికి అసలు మిగిలేది కాదు. మూడో ఆదివారం మధ్యాహ్నం, కోడికూరతో పీకల దాకా అన్నం తిని, గోడకి చేరగిలబడి ఆలోచిస్తే ఒక ఉపాయం తట్టింది. వచ్చే వారమంతా ఇప్పుడే రాసేస్తే? ఎలాగూ చేస్తాను కదా, ముందు రాయడంలో తప్పేముంది? (ఆ వయసులో నా మనస్సాక్షి నాకు చాలా అనుకూలమైన స్నేహితుడు.) మూడు రంగుల పెన్నులు తీసుకున్నాను, రోజుకొకటి మారుస్తూ. బుధవారం పేజీ మీద టీ గ్లాసు పెట్టి గుండ్రటి మరక కూడా వేశాను, సహజంగా ఉంటుందని. రాస్తున్నకొద్దీ ఊపొచ్చింది. భాష కూడా దానంతటదే మారిపోయి, పాతకాలపు తర్జుమాలా అయిపోయింది. శుక్రవారం: "దినమంతయు ఉపవాసముంటిని. ఆకలి నా దరిదాపులకు రాలేదు." శనివారం: "మంచము పట్టిన ఒక వృద్ధుని దర్శించి, ఆయన పాదములు కడిగి, వాక్యము చదివి వినిపించితిని. ఆయన కన్నీరు విడిచెను." ఆదివారానికి వచ్చేసరికి నన్ను నేనే ఆపుకోలేకపోయాను: "నా వలన నొచ్చుకొనిన సహోదరుని యొద్దకు పోయి క్షమాపణ వేడితిని. మేమిద్దరము కౌగిలించుకొని ఏడ్చితిమి." రాసి, చదువుకుని, నాకే కళ్లు చెమ్మగిల్లాయి. అటు తిరిగి హాయిగా నిద్రపోయాను.

గురువారం సాయంత్రం మందిరంలో నర్సమ్మగారి ముందు పుస్తకాలన్నీ పేర్చి పెట్టాం. నాది పైనే పెట్టాను, కనబడాలని. ఆవిడ కళ్లజోడు ముక్కు చివరికి దించి, సోమవారం చదివారు, మంగళవారం చదివారు, బుధవారం మరక మీద వేలితో ఒకసారి రాశారు. గురువారం చదివారు. అక్కడ ఆగుతారనుకుంటే పేజీ తిప్పారు. వారం మొత్తం రాసిన మేధావిని, గురువారం దాటి ఉన్న పేజీలకి ఒక పిన్నైనా పెట్టాలని నాకు తోచలేదు. ఆవిడ శుక్రవారం చదివారు, శనివారం చదివారు, ఆదివారం రెండుసార్లు చదివారు. పుస్తకం మూసి పక్కన పెట్టి, మిగతావాళ్ల పుస్తకాలు చూసి అందరినీ పంపించేశారు. నన్ను మాత్రం "నువ్వుండు" అన్నారు.

"నాయినా, ఈవాళేటి వారం?"

"గురువారమండి."

"మరి నీకు ఆదివారం అయిపోయిందే."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, ఏడ్చి బయటపడేవాణ్ని.

"కొత్తగా వచ్చిన నర్సులు కొందరు ఇలాగే సేసేవోరు. డ్యూటీ ఎక్కగానే సార్టు మొత్తం నింపీసేవోరు, నాలుగ్గంటలకి జొరం ఇంత, ఆరింటికి ఇంత అని. ఒకసారి ఒక ముసిలాయన మూడింటికే పోయాడు. సార్టులో మాత్రం ఆరింటికి జొరం తగ్గి, పాలు తాగాడు."

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. పేజీలు చించేస్తానన్నాను.

"సింపకు. దిద్దకు. రాసింది రాసినట్టు సెయ్యి. ఇంకా మూడు రోజులుంది. ఆదివారం సాయంత్రానికి ఇది అబద్ధం కాకుండా పోద్ది." మళ్లీ పుస్తకం తెరిచి, కళ్లజోడు పైకి తోసుకున్నారు. "ఈ మంచం పట్టిన ముసిలాయన ఎవరు?"

"ఇంకా... దొరకలేదండి."

"నాను సూపిత్తాను. ఈ సహోదరుడెవరు?"

ఆవిడకి తెలుసని ఆ క్షణంలో అర్థమైంది. దిండు చంకన పెట్టుకుని నడిచే మనిషి కబురు గాజువాకలో ఉన్న మందిరం దాకా రావడానికి ఎంతసేపు కావాలి?

శుక్రవారం ఉపవాసం. పదకొండింటి దాకా బాగానే నడిచింది. సరిగ్గా ఆ రోజే మా వర్క్‌షాపు ఓనరుకి మనవడు పుట్టాడు. ఒంటిగంటకి బిర్యానీ ప్యాకెట్లు దిగాయి. పక్క మిషను మీద పనిచేసేవాడు నా ముందే ప్యాకెట్టు విప్పి, "ఏట్రా, తినవేటి? నీ ముక్కలు నాకేనా?" అన్నాడు. తలూపాను. నా రెండు ముక్కలూ వాడు నములుతుంటే నా దవడలు కూడా కదిలాయి. మూడింటికి తిరుగుతున్న లేత్ చక్రం నాకు పెద్ద గారెలా కనబడింది. నాలుగింటికి కొలత తప్పి రెండు బోల్టులు పాడుచేశాను. సాయంత్రం బస్టాపు దగ్గర మిరపకాయ బజ్జీల బండి పక్కన నిలబడ్డప్పుడు, ఉపవాసం అంటే ఏమిటో జీవితంలో మొదటిసారి తెలిసింది. చీకటి పడ్డాక అప్ప పెట్టిన చారన్నం తిన్నాను. "ఆకలి నా దరిదాపులకు రాలేదు" అన్న ఒక్క వాక్యాన్ని నిజం చేయడం మాత్రం నా వల్ల కాలేదు.

శనివారం ఒక పూట సెలవు పెట్టి నర్సమ్మగారి వెంట వెళ్లాను. ఒక ఇరుకు సందులో ఒక్క గది ఇల్లు. మంచం మీద పోర్టు తాత. ఓడల్లోంచి సరుకు దించే వించి యంత్రం మీద ముప్పై ఏళ్లు చేసి దిగిన మనిషి. తుంటి విరిగి మూడు నెలలుగా మంచం దిగలేదు. కోడలు పనికెళ్లిపోతుంది. నర్సమ్మగారు నన్ను గుమ్మంలో వదిలేసి, "పాదాలు కడుగుతాడంట" అని చెప్పి వెళ్లిపోయారు. నేను గొంతు సవరించుకుని బైబిలు తెరిచాను.

"సదవడం తరవాత" అన్నాడు తాత. "పాదాలంటన్నావు గదా, ముందు ఆ గోళ్లు తియ్యి. దుప్పటికి పట్టుకుని సచ్చిపోతన్నాను."

గోళ్లంటే మామూలు గోళ్లు కావు, సముద్రపొడ్డున ఏరుకునే గవ్వల్లా వంపు తిరిగి ఉన్నాయి. వేడినీళ్లు కాచి, బేసిన్లో పాదాలు నానబెట్టి, కత్తిరించడం మొదలుపెట్టాను. ఇనుము కోసే చేతులు కదా అని ధీమా. ఎడమ బొటనవేలు దగ్గర కత్తెర జారింది. తాత పెట్టిన కేకకి సందులో కుక్క లేచి అరిచింది. ఆయన కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కారాయి.

వృద్ధుడు కన్నీరు విడిచెను. నేను రాసింది రాసినట్టే నెరవేరింది.

రక్తం తుడిచి, గుడ్డ కట్టి, వెయ్యిసార్లు క్షమించమని అడిగి, మిగతా తొమ్మిది గోళ్లూ ఊపిరి బిగబట్టి తీశాను. తర్వాత వాక్యం చదివాను, నా కూటపు గొంతుతో, చివరి మాటలు సాగదీస్తూ. రెండో పేజీలోనే గురక వినబడింది. ఆపగానే కళ్లు తెరిచాడు.

"ఆపేశావేటి? బాగా సదువుతన్నావు. నాలుగు రోజులై నిద్ర లేదు నాకు, నీ గొంతుకి పట్టింది."

నేను చిన్నబుచ్చుకోవడం చూశాడో ఏమో, మెల్లగా అన్నాడు: "నిద్రంటే ఏటో షిఫ్టుల్లో బతికినోణ్ని అడుగు. ఒకసారి నైటు డ్యూటీ దిగి, పగలు ఇంట్లో సుట్టాల గోలకి తొంగోలేదు. మళ్లీ రాత్రి వించి ఎక్కాను. ఒక్క కునుకు. మూట జారి నా జోడీగాడి కాలు మీద పడిపోయింది. ఆడు మళ్లీ పనికి రాలేదు. దేవుడు నన్ను క్షమించుంటాడు గానీ, ఆడి పెళ్లాం ఎదురొత్తే మాత్రం ఇప్పటికీ తల దించుకుంటాను." అని కళ్లు మూసుకున్నాడు. "సదువు నాయినా, మెల్లగా."

మెల్లగా చదివాను. అక్షరాలు కనబడలేదు. తాత పూర్తిగా నిద్రపోయాక, పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కుండ, కింద మనుషులు, విజిల్. "దేవుడు చూసుకుంటాడు బావా." నా నోటితో నేనే అన్న మాట.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆ స్నేహితుడి బ్లాకుకి వెళ్లాను. క్షమాపణ అడిగేసి, తొమ్మిదింటికల్లా మందిరానికి పోవచ్చని లెక్క. స్నేహితుడు సంచీ పట్టుకుని మెట్లు దిగుతున్నాడు.

"ఇప్పుడే తొంగున్నాడు. లేపకేం" అని వెళ్లిపోయాడు.

తలుపు ముందు నిలబడ్డాను. నిద్ర చెడగొట్టినందుకు క్షమించమని అడగాలంటే నిద్ర చెడగొట్టాలి. ఎటూ తోచక మెట్ల మీద కూర్చున్నాను. ఐదు నిమిషాలకి ఇద్దరు పిల్లలు బంతితో వచ్చి, సరిగ్గా ఆ తలుపు పక్క గోడకే కొట్టడం మొదలుపెట్టారు. చాక్లెట్లు కొనిస్తానని బతిమాలి మైదానానికి పంపించాను. ఇంతలో కింద నుంచి ఒక మోటారు సైకిలు హారను. పరిగెత్తుకెళ్లి ఆ బండాయన కాళ్లావేళ్లా పడ్డాను. పై అంతస్తులో కుక్కరు విజిలేసింది, దానికి మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు. తొమ్మిదింటికి తట్ట నెత్తి మీద పెట్టుకుని చేపలమ్మి వచ్చింది, "సేపలో...!" అంటూ. చేతులు జోడించి అడ్డం నిలబడ్డాను.

"అమ్మా, మెల్లగా అరువమ్మా. లోపల మా బావ తొంగున్నాడు."

"మెల్లగా అరిస్తే ఎవుడికి ఇనబడతాదిరా బాబూ? సేపలు నువ్వు కొంటావేటి?"

కొన్నాను. ఆమె నా వైపు వింతగా చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక బ్లాకుకి వెళ్లిపోయింది. వారం క్రితం దాకా నేను కూడా ఏమీ అమ్మకుండానే ఆమె కన్నా గట్టిగా అరిచేవాణ్నని అప్పుడు గుర్తొచ్చింది.

ఆరాధన మొదలయ్యే టైము దాటిపోయింది. ఫోను చప్పుడు ఆపేశాను. చేపల సంచీ పక్కన పెట్టుకుని, మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చున్నాను. ప్రార్థించాలనిపించింది గానీ గొంతెత్తడానికి వీల్లేదు. పెదాలు కదిపాను. కాసేపటికి అదీ ఆగిపోయింది. నాకు చెప్పడానికి ఏమీ లేదు. చెవులు మాత్రం తలుపు వైపే ఉన్నాయి, లోపల ఒక మనిషి ఊపిరి సజావుగా సాగుతోందా అని. అలా ఎంతసేపున్నానో తెలియదు. రెండు నిమిషాలు ఎక్కువా తక్కువా అన్న లెక్క ఆ పూట నాకు గుర్తు రాలేదు.

ఒంటిగంట దాటాక తలుపు తెరుచుకుంది. లుంగీ, బనీను, చెదిరిన జుట్టు. నన్ను చూసి బావ ముఖం పాలిపోయింది.

"ఏట్రా? ఎవరైనా పోయారేటి?"

శనివారం రాత్రంతా తయారుచేసుకున్న క్షమాపణలో మొదటి వాక్యం కూడా జ్ఞాపకం రాలేదు. "ఇంటికొచ్చీ బావా" అన్నాను, అంతే.

కళ్లు నులుముకున్నాడు. "ఎప్పుడొచ్చావు?"

"ఎనిమిదింటికి."

"అందుకేనేటి, ఈవాళ ఇంత నిద్ర పట్టింది?" అన్నాడు. తర్వాత ముక్కు ఎగబీల్చాడు. "ఏటిది కంపు?"

"సేపలు బావా."

రాసిన దాని ప్రకారం ఇప్పుడు కౌగిలించుకోవాలి. రెండు చేతులూ చాచి ముందుకెళ్లాను. బావ ఒకడుగు వెనక్కి వేసి, "ఏయ్, ఏటిది, జనాలు సూత్తన్నారు" అని, అడ్డంగా దిండు పెట్టాడు. ఆ దిండునే కౌగిలించుకున్నాను. "సరే, అది నువ్వే మొయ్యి" అని ముందు నడిచాడు. ఒక చేతిలో ఎండకి వాసనేస్తున్న చేపలు, ఇంకో చంకలో దిండు, నాలుగు బ్లాకుల పొడవునా నేను వెనక. ఆ వీధిలో జనమంతా మమ్మల్నే చూశారు. అప్ప గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసి, చేపలు అందుకుని లోపలికి తీసుకెళ్లింది. లోపల్నుంచి ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినబడింది.

తరువాతి గురువారం నర్సమ్మగారికి నిజం చెప్పాను. ఆకలి వేసిందని, తాత ఏడ్చింది వాక్యానికి కాదని, కౌగిలింత కుదరలేదని, ఏడవడం కూడా ఇద్దరికీ కలిసి రాలేదని. ఆవిడ పుస్తకంలో ఆ మాటల కింద ఎర్ర పెన్నుతో గీతలు గీసి, పక్కన చిన్నగా సున్నాలు చుట్టి, "మా కొత్త నర్సుల కన్నా నయమే" అన్నారు. కూటంలో సందేశం ఇవ్వడానికి గిటారు వాయించే తమ్ముణ్ని ఎంపిక చేశారు. వాడు చక్కగా మాట్లాడాడు. చివరి వరసలో బావ పక్కన కూర్చుని విన్నాను. (కొంచెం కుళ్లుకున్నాను. నలభై రోజుల్లో అన్నీ పోతాయా?)

ఇప్పుడు నాకూ జుట్టు పల్చబడింది, నాకూ షిఫ్టులున్నాయి. పొద్దున వంటగది పక్కన ప్లాస్టిక్ కుర్చీలో పది నిమిషాలు కూర్చుంటాను. కొన్ని రోజులు చదువుతాను, కొన్ని రోజులు కునుకు తీస్తాను, కొన్ని రోజులు పిల్లల స్కూలు బస్సు హారనుతోనే ఆమెన్ అంటాను. పగలంతా ఏ మేలూ చెయ్యకుండా గడిచిపోయిన రోజులు చాలానే ఉంటాయి. అలాంటి రోజున, మూడు రంగుల పెన్నులు ముందేసుకుని గోడకి చేరగిలబడిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. అబద్ధాలే రాశాడు, నిజమే. కానీ ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఎవరి కాళ్లు పట్టుకోవాలో వాడికి తెలిసే రాశాడు. ఇప్పుడు నేను అబద్ధాలు రాయను. అంత మంచి ఆదివారాన్ని ఊహించుకోవడం కూడా ఈమధ్య నాకు చేతకావడం లేదు. ఒక్కోసారి వాణ్ని పిలిచి, నా రేపటి పేజీ కూడా నువ్వే రాసిపెట్టు బాబూ అని అడగాలనిపిస్తుంది.